అంచనా మించిన నూకరాజు

మైలపల్లి నూకరాజు ఆ సాయంత్రం చేసిన నేరం ఒక్కటే. ఇరవై రెండు పాయింట్లు కొట్టాడు.

బయట కాకినాడ జనం ఈలలు ఆపలేదు. డ్రెస్సింగ్ రూమ్‌లో నూకరాజు బూట్ల లేసులు విప్పుకుంటుండగా తలుపు తోసుకుని ఒక మనిషి లోపలికొచ్చాడు. చంకలో ఫైలు, ముక్కు చివర కళ్ళజోడు. అభినందించడానికి వచ్చిన ముఖం కాదది. లీగ్ ఆడిట్ అధికారి తటవర్తి భాస్కరం.

"మైలపల్లి నూకరాజు అంటే మీరేనా?"

"ఔనండి."

"ఈ మ్యాచ్‌కి మీకు మంజూరైనవి నాలుగు పాయింట్లు. కొట్టినవి ఇరవై రెండు. మిగతావి ఎవరి అనుమతితో కొట్టారు?"

నూకరాజు నవ్వాడు. హాస్యమనుకున్నాడు. భాస్కరం ముఖంలో ఒక్క కండరం కదల్లేదు.

"బంతి దొరికిందండి. బుట్ట కనబడింది. వేసేశాను."

"అంటే తెలిసే చేశారన్నమాట." భాస్కరం ఫైలు తెరిచి అదే మాట రాసుకున్నాడు. "సంజాయిషీ ఇవ్వండి. ఆశ్చర్యం కలిగించినందుకు మీ మీద ఎందుకు చర్య తీసుకోరాదో అందులో తెలపండి."

మెమో బల్ల మీద పెట్టి, తలుపు దగ్గర ఆగి, మామూలు మనిషి గొంతుతో అన్నాడు. "మా అబ్బాయికి మీ ఆట చాలా ఇష్టం. దయచేసి తగ్గించుకోండి."

గొడవ కిందటి సీజన్లో మొదలైంది. త్రినదీ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో గోడల నిండా పోస్టర్లు పడ్డ వీరులు చతికిలపడ్డారు. బెంచీ మీద తువ్వాళ్ళు మడతపెట్టుకునేవాళ్ళు చెలరేగిపోయారు. సీజన్ చివర పత్రికలన్నీ రెండేసి జాబితాలు వేశాయి. ఆశ్చర్యపరిచినవారు, నిరాశపరిచినవారు. జనం సరదాగా చదువుకున్నారు. లీగ్ మండలి మాత్రం చదివి తలవంపులుగా భావించింది.

మండలి ఛైర్మన్ కొమ్ములూరి శేషాచలం నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన వేసిన అంచనా ఒక్కటీ తప్పలేదని పేరు. ఆయన కట్టిన జలాశయంలోకి ఇప్పటికీ చుక్క నీరు రాలేదు గానీ, నీరు వేరే పద్దు.

"ఆశ్చర్యం అంటే ఏమిటి?" అని ఆయన సర్వసభ్య సమావేశంలో ప్రశ్నించారు. "మన అంచనా తప్పడం. నిరాశ అంటే ఏమిటి? అది కూడా మన అంచనా తప్పడమే. కనుక రెండింటినీ నిర్మూలించవలసి ఉన్నది."

సభ చప్పట్లు కొట్టింది. చప్పట్ల మోత ఎంత ఉండాలో కూడా అజెండాలో ఉంది.

ఆ విధంగా ప్రతి ఆటగాడికీ సీజన్ మొదట్లోనే పాయింట్లు మంజూరు చేయడం మొదలైంది. శాఖలో మట్టిపనికి రేట్ల పట్టిక ఉంటుందే, అలాంటిదే ఇక్కడా తయారైంది. ఎత్తు అడుగుకి ఇన్ని పాయింట్లు. జుట్టు కత్తిరింపుకి ఇన్ని. పోస్టర్ సైజును బట్టి ఇన్ని. కాకినాడ కెరటాలు జట్టుకి స్టార్ అయిన రాచకొండ విక్రాంత్‌కి మ్యాచ్‌కి ముప్పై పడ్డాయి. అతని జుట్టుకే తొమ్మిది. అంచనాల కమిటీ వచ్చిన రోజున నూకరాజు మంచినీళ్ళ క్యాన్లు మోస్తూ కనిపించాడు. అతన్ని హమాలీ అనుకున్నారు. ఆటగాడేనని కోచ్ చెప్పాక పెద్దమనసు చేసుకుని నాలుగు రాశారు.

కొట్టినది మంజూరు దాటితే ఆశ్చర్యం. అంటే అనధికార వ్యయం. తగ్గితే నిరాశ. అంటే మిగులు నిధి. మార్చి ముప్పై ఒకటిలోగా ఖర్చు కాకపోతే మురిగిపోతుంది. వచ్చే ఏడు ఆ జట్టు మొత్తానికే కోత పడుతుంది.

నూకరాజుకి ఇవేవీ పట్టలేదు. ఉప్పాడలో వాళ్ళ నాన్న వల విసిరేటప్పుడు మణికట్టు ఎలా తిప్పుతాడో, బంతి వదిలేటప్పుడు ఇతనూ అలాగే తిప్పుతాడు. బంతి పోయి బుట్టలో పడుతుంది. ఇందులో ఆశ్చర్యం ఏముందో అతనికి అర్థం కాలేదు. అతని మనసంతా ఒక్క దాని మీదే ఉంది. ఏప్రిల్లో జాతీయ శిక్షణ శిబిరం. ఇరవై తొమ్మిదేళ్ళొచ్చాయి. ఇప్పుడు పిలుపు రాకపోతే ఇక రాదు.

ఆ పిలుపుకి సెలెక్టర్ మెచ్చితే సరిపోదు. లీగ్ నుంచి నిరభ్యంతర పత్రం ఉండాలి. ఆ పత్రం, కొత్త నిబంధన ప్రకారం, అంచనాకి ఒక్క పాయింటు ఎక్కువా తక్కువా లేనివాళ్ళకే.

*

సంజాయిషీ విచారణకి కోచ్ సాల్మన్ రాజు కూడా వెళ్ళాడు. ఒంగోలు మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పాతికేళ్ళు చేసినవాడు. నోరు మంచిది కాదు, మనసు మంచిది.

శేషాచలం గారు సంజాయిషీ చదివి పక్కన పెట్టారు.

"సదరు ఆటగాడు తనకు ప్రతిభ ఉన్న సంగతిని అంచనాల కమిటీకి ముందుగా తెలియపరచలేదు. ఇది వాస్తవాలను దాచిపెట్టడం కిందకు వచ్చును."

"నాకూ ఇంతుందని తెలీదండి," అన్నాడు నూకరాజు.

"తెలియకుండా ఖర్చు చేయడం ఇంకా పెద్ద తప్పు."

సాల్మన్ గొంతు సవరించుకున్నాడు. "సార్, వాడు కొట్టకపోతే ఓడిపోతామండి. విక్రాంత్ బాబు నిన్న కొట్టింది మూడు పాయింట్లు."

"విక్రాంత్ సంగతి వేరు. అతని వద్ద నిధులు ఉన్నవి. వాడుకోవడంలో జాప్యం జరుగుతున్నది, అంతే."

గోడవారగా కూర్చున్న విక్రాంత్ ఫోన్‌లోంచి తలెత్తాడు. "నేను ఫామ్ కోల్పోలేదు సార్. ఫామే నన్ను మిస్సవుతోంది."

"చూశారా? స్పష్టత అంటే అదీ," అన్నారు ఛైర్మన్. తర్వాత నూకరాజు వైపు తిరిగారు. "అదనపు పాయింట్లను రికవరీ చేయవలసి ఉన్నది. ఏ విధంగా అన్నదే ప్రశ్న."

సాల్మన్‌కి ఒళ్ళు మండిపోయింది. "ఏ విధంగా ఏముందండి? అటు కొట్టినవన్నీ తిరిగి మన బుట్టలోనే వేయమనండి. సరిపోద్ది."

భాస్కరం కలం ఆగింది. శేషాచలం గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఉన్నతమైన సూచన. నమోదు చేయండి."

"సార్, నేను వెటకారంగా అన్నానండి!"

"ఏ భావంతో అన్నదీ నమోదు చేసే అవకాశం ఫైలులో లేదు. సూచన అందినది."

మెట్లు దిగుతూ సాల్మన్ నుదురు కొట్టుకున్నాడు. "నా నోట్లో పుండు పుట్టా! ఒరేయ్ నూకా, ఇకమీదట ఈ గదిలో నేను నోరు తెరిస్తే తువ్వాలు కుక్కెయ్రా."

"పోన్లెండి మాస్టారూ. నెమ్మదిగా ఆడతాను."

కానీ ఆడలేకపోయాడు. తర్వాతి మ్యాచ్‌లో నాలుగు కొట్టి చేతులు కట్టుకుని నిలబడితే జట్టు ఓడింది. స్టాండ్స్‌లోంచి ఒక ముసలాయన, "ఏరా, ఉప్పు తగ్గిందా?" అని అరిచాడు. నూకరాజు రోషం ఆపుకోలేక ఆ పై మ్యాచ్‌లో మళ్ళీ ఇరవై దాటించాడు. గెలిచిన ప్రతిసారీ భాస్కరం తలుపు తోసుకుని వచ్చేవాడు. అలా గెలుస్తూ, మెమోలు పోగేసుకుంటూ, కెరటాలు ఫైనల్‌కి చేరారు. నూకరాజు ఖాతాలో అదనం అరవై. విక్రాంత్ ఖాతాలో మిగులు మూడు వందల పై మాట.

ఫైనల్ మార్చి ముప్పై ఒకటిన. ఈ దేశంలో ఆ తేదీన ఎంత పని జరుగుతుందో ప్రభుత్వాఫీసుల గుమ్మం తొక్కిన ఎవరికైనా తెలుసు. ఏడాదంతా కదలని రోడ్డు రోలర్ ఆ రోజున పరిగెడుతుంది.

*

ప్రత్యర్థులు బెజవాడ బాణాలు. వాళ్ళ స్టార్‌కీ అదే తెగులు. పోస్టర్ పెద్దది, మిగులు పెద్దది. కాబట్టి మ్యాచ్‌కి ముందు ఛైర్మన్ గారి ఉత్తర్వు రెండు జట్లకీ చదివి వినిపించారు.

"మిగులు నిధులు గల ఆటగాళ్ళను ఎవరూ అడ్డగించరాదు. అడ్డగించినచో వ్యయానికి ఆటంకం కల్పించినట్లు పరిగణించబడును. అట్టివారికి బంతులు కొరత లేకుండా సరఫరా చేయవలెను."

వీఐపీ వరసలో జాతీయ సెలెక్టర్ ఫ్లావియా డిసౌజా కూర్చుంది. ఒకప్పుడు దేశానికి కెప్టెన్. పుట్టింది, పెరిగింది సికింద్రాబాద్ కాబట్టి తెలుగు బాగానే వచ్చు. ఆ సాయంత్రం రాకపోతే బాగుండేదని ఆమెకి మొదటి పది నిమిషాల్లోనే అనిపించింది.

విజిల్ మోగగానే విక్రాంత్ అవతలి బుట్ట కింద సెటిలయ్యాడు. బెజవాడ స్టార్ ఇవతలి బుట్ట కింద. ఇద్దరి చుట్టూ మనిషి లేడు. ఒకటి కాదు, మూడేసి బంతులు ఒకేసారి అందిస్తున్నారు. అయినా విక్రాంత్ వేసిన వాటిలో సగం రింగుకి తగిలి బయట పడుతున్నాయి.

"వాడి ముందు ఎవడూ లేడు కదా!" అంది ఫ్లావియా, పక్కనున్న ఛైర్మన్‌తో.

"సాంకేతిక జాప్యం," అన్నారు శేషాచలం గారు. "విరామంలో సర్దుబాటు చేయబడును."

చేయబడింది. విరామంలో కూరగాయల మార్కెట్ నుంచి రెండు వెదురు గంపలు వచ్చాయి. రెండు స్టూళ్ళు వేసి, ఒక్కో బుట్ట కింద ఒక్కో గంప పెట్టారు. మిగులు ఉన్నవాళ్ళు గంపలో వేసినా లెక్కే. ఇక చూడండి! ఇటొకడు, అటొకడు, మిల్లులో బస్తాలు నింపుతున్నట్టు వంగి వంగి బంతులు గంపల్లో వేయడమే. విక్రాంత్ మధ్యలో నడుం పట్టుకుని టీవీ కెమెరా వైపు చూసి కన్ను కొట్టాడు. వ్యాఖ్యాత గొంతు చించుకున్నాడు. "ఫామ్‌లోకి వచ్చేశాడు విక్రాంత్! సీజన్లో అత్యుత్తమ ప్రదర్శన!"

ఈ ఇద్దరి మధ్య ఖాళీ కోర్టులో నూకరాజు ఒంటరిగా నిలబడ్డాడు. అతని పని వేరు. తన జట్టు బుట్టలో తనే వేసుకోవాలి.

మొదటి బంతి చేతిలోకి వచ్చినప్పుడు వేళ్ళు మొరాయించాయి. బెంచీ వైపు చూశాడు. సాల్మన్ తల తిప్పుకున్నాడు. నూకరాజు మణికట్టు తిప్పాడు. బంతి మూడు పాయింట్ల గీత అవతల నుంచి వెళ్ళి, బెజవాడ స్టార్ తల మీదుగా, నెట్‌ని తప్ప దేన్నీ తాకకుండా సొంత బుట్టలో పడింది. మూడు పాయింట్లు బెజవాడకి. నూకరాజు అదనంలో మూడు తగ్గింపు. భాస్కరం టిక్కు పెట్టాడు.

జనం తిట్టారు. నీళ్ళ సీసాలు వచ్చి పడ్డాయి. "అమ్ముడుపోయాడ్రా!" అన్నాడెవడో. నూకరాజు ఏడుస్తూ వేశాడు. మూల నుంచి, మధ్యగీత నుంచి, వెనక్కి వంగి, ఒంటిచేత్తో. ఎంత మనసు లేకుండా విసిరినా పడుతోంది. పాడు చేయి, తప్పడం నేర్చుకోలేదు.

ఫ్లావియా కుర్చీలో ముందుకి జరిగింది. లేచి, మెట్లు దిగి, నేరుగా బెంచీ దగ్గరికొచ్చింది.

"కోచ్‌గారూ, ఎవరతను?"

"మా నూకరాజండి."

"సొంత బుట్టలో ఎందుకేస్తున్నాడు? పిచ్చా?"

"పిచ్చి వాడికి కాదు మేడమ్. మీ శిబిరానికి రావాలని వాడి ఆశ. బాగా ఆడాడు కాబట్టి రానివ్వరంట. ఆ బాగు అంతా ఇలా కక్కేస్తే పత్రం ఇస్తారంట."

"నేను ముప్పై ఏళ్ళుగా ఆట చూస్తున్నా," అంది ఫ్లావియా. "మొత్తం మ్యాచ్‌లో ఆట ఆడుతున్నవాడు ఇతనొక్కడే. అది కూడా ఉల్టా."

చివరి నిమిషానికి విక్రాంత్ నిధులు పూర్తిగా ఖర్చయ్యాయి. పాయింటు ఎక్కువ లేదు, తక్కువ లేదు. అతను గంప బోర్లించి దాని మీద కూర్చున్నాడు. బెజవాడ స్టార్ కూడా చేతులు దులుపుకున్నాడు. స్కోరు బోర్డులో రెండంకెలకే చోటుంది కాబట్టి, అది చాలాసేపటి కిందటే ఆరిపోయింది. భాస్కరం మైకులో చెప్పాడు. కెరటాలు రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. నూకరాజు అదనంలో ఇంకా మిగిలింది రెండే.

బంతి నూకరాజు చేతిలో ఉంది. మధ్యగీత మీద నిలబడ్డాడు.

వెనక సొంత బుట్ట. దగ్గరకెళ్ళి ఒక్క బంతి వదిలితే రెండు పాయింట్లు. ఖాతా శుభ్రం, చేతిలో పత్రం, ఏప్రిల్లో శిబిరం. ముందు అవతలి బుట్ట. ఇంత దూరం నుంచి పడితే మూడు పాయింట్లు. కప్పు జట్టుది, అదనం అయిదు, శిబిరం గోవిందా.

వీఐపీ వరసలో శేషాచలం గారు వేలితో సొంత బుట్ట వైపు చూపిస్తున్నారు. గాలరీలో ఆ ముసలాయన ఈసారి అరవడం లేదు. చేతులు జోడించి నిలబడ్డాడు.

నూకరాజు సాల్మన్ వైపు చూశాడు. "మాస్టారూ!"

"నన్నడక్కురా! ఆ రోజు నోరు తెరిచినందుకే ఇంతొచ్చింది!"

నూకరాజు ముందుకి తిరిగాడు. పడవ అంచు మీద నిలబడ్డట్టు కాళ్ళు ఎడం చేసి, మణికట్టు తిప్పి విసిరాడు. బంతి గాల్లో ఉండగానే హారన్ మోగింది. హారన్ ఆగాక బంతి బుట్టలో పడింది.

స్టేడియం పైకప్పు రేకులు అదిరాయి.

*

అరగంట తర్వాత ఛైర్మన్ గదిలో పండగ వాతావరణం లేదు.

"ఆఖరి క్షణంలో అనధికార వ్యయం," అన్నాడు భాస్కరం. "పైగా మండలి అంచనాలో కెరటాలది రెండో స్థానం. కప్పు రావడం కూడా అదనమే. కప్పును అనామతు ఖాతాలో ఉంచాం సార్. నా బీరువాలో ఉంది."

"నాకు నూకరాజు కావాలి," అంది ఫ్లావియా.

"వీలుపడదు," అన్నారు శేషాచలం గారు. "అంచనాను అందుకున్న ఆటగాడు విక్రాంత్. అతని నిరభ్యంతర పత్రం సిద్ధంగా ఉన్నది."

"గంపలో వేసినవాడా?"

"గంప విషయం పత్రంలో ఉండదు మేడమ్."

ఫ్లావియా బల్ల గుద్దింది. "ఇతను బాగా ఆడాడని ఒప్పుకోవడానికి మీకేం నొప్పి?"

"ఒప్పుకున్నచో అంచనా తప్పినట్లు అగును. నా సర్వీసులో అది జరగలేదు." ఆ మాట అంటూ ఆయన బల్ల మీది ఫైలును రెండు చేతులా దగ్గరికి లాక్కున్నారు.

నూకరాజు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్నాడు. వెళ్ళిపోయే మనిషిలా ఉన్నాడు. సాల్మన్ అతన్ని చూశాడు, ఛైర్మన్‌ని చూశాడు. జేబులోంచి తువ్వాలు తీసి, నోట్లో కుక్కుకోబోయి, మళ్ళీ జేబులో పెట్టేశాడు.

"సార్, ఒక్క అనుమానమండి. తమరి సర్వీసులో గట్లేమైనా తెగాయా అండి?"

"మూడు."

"మరి అప్పుడు అంచనా తప్పినట్టు కాదా అండి?"

"ఎట్లు తప్పును? వరద వచ్చినదని రాశాము. ప్రకృతి వైపరీత్యం. దానికి అంచనా ఉండదు. ఎవరి బాధ్యతా ఉండదు."

"అంటే, ఎవరూ ఊహించనిది ఊళ్ళో పడి, ఉన్నదంతా ఊడ్చేసిపోతే..."

"వైపరీత్యమే."

సాల్మన్ నూకరాజు వైపు చూపు తిప్పాడు. గదిలో అందరూ అటే చూశారు. ఆరడుగుల అయిదంగుళాల ఉప్పాడ మనిషి, ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో.

శేషాచలం గారి ముఖం మీద నెమ్మదిగా తెల్లవారింది.

"భాస్కరం గారూ, నమోదు చేయండి. ఈ సీజన్లో లీగ్‌ను నూకరాజు అను వైపరీత్యం తాకినది."

భాస్కరం కలం తీశాడు. వృత్తి ధర్మం కొద్దీ వివరాలు అడగక తప్పదు. "ఏ దిశగా కదులుతారు మీరు? గంటకి ఎన్ని కిలోమీటర్లు?"

"బంతి ఎటుంటే అటండి," అన్నాడు నూకరాజు.

"గమనం అనిశ్చితం," అని రాసుకున్నాడు భాస్కరం.

ఫ్లావియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మరి నిరభ్యంతర పత్రం?"

శేషాచలం గారు జాలిగా చూశారు. "వైపరీత్యానికి పత్రం ఎవరిస్తారు మేడమ్? తుపాను మన అనుమతి తీసుకుని కదులుతుందా? అది ఎక్కడికి పోతే అక్కడి వాళ్ళ సమస్య. అక్కడి వారిని ముందుగా హెచ్చరించడం వరకే మన విధి."

మర్నాడే నష్టపరిశీలక బృందం వచ్చి బుట్టలకి టేపులు పెట్టి కొలిచింది. బాధితులైన బెజవాడ ఆటగాళ్ళకి తలా పాతిక కిలోల బియ్యం మంజూరయ్యాయి. విక్రాంత్ కూడా వరసలో నిలబడి ఒక బస్తా పట్టుకుని ఫొటో దిగాడు. అంచనాల కమిటీ పనితీరు సంతృప్తికరమని తీర్మానించుకుంది. వచ్చే సీజన్ పట్టికలో నూకరాజు పేరు ఎదురుగా అంకె వేయలేదు. 'వాతావరణ శాఖను సంప్రదించవలెను' అని రాసి వదిలేశారు.

ఏప్రిల్ మొదటి వారంలో నూకరాజు రైలెక్కాడు. విక్రాంత్ విమానంలో వెళ్ళాడు, పత్రంతో సహా. స్టేషన్‌కి సాల్మన్ వచ్చాడు, గాలరీ ముసలాయన వచ్చాడు. దూరంగా బుక్ స్టాల్ చాటున ఒక పిల్లాడి చెయ్యి పట్టుకుని భాస్కరం కూడా కనిపించాడు గానీ, చూడనట్టు నటించాడు.

రైలు కదలబోతుండగా ఉప్పాడ నుంచి నూకరాజు అమ్మ ఫోన్ చేసింది. పుట్టినప్పటి నుంచి సముద్రాన్నీ, రేవులో ఎగరేసే ప్రమాద సూచికల్నీ చూసిన మనిషి. ఊళ్ళో కబురు అప్పటికే ఆమె దాకా వెళ్ళింది.

"నిన్ను తుపానని రాసేశారంట గదరా, నిజవేనా?"

"నిజవేనమ్మా. ఢిల్లీకి హెచ్చరిక కూడా పంపేరు."

"ఎన్నో నంబరు ఏశారు?"

"పదో నంబరమ్మా."

అవతల అలల చప్పుడు వినపడింది. ఆమె తృప్తిగా నిట్టూర్చింది.

"పదో నంబరే? అయితే తీరం దాటాల్సిందేరా. ఇక ఆపడం ఎవడి తరమూ కాదు."